రెక్క కింద నీలం మరక

"అక్కడొకసారి గుడ్డ పెట్టు, మళ్ళీ నీలంగా కనబడుతోంది" అన్నాడు మా ఆయన, విమానం కుడి రెక్కని గడ్డంతో చూపిస్తూ. చేతిలో టీ గ్లాసుంది కాబట్టి గడ్డంతో చూపించాడు, లేకపోతే కాలితో చూపించేవాడు. నేను బకెట్ కింద పెట్టి రెక్క కిందికి వెళ్ళి తలెత్తి చూశాను. రెక్క విమానం ఒంటికి అతుక్కునే మూల, రివెట్ల వరస పక్కన, బొటనవేలంత నీలం మరక. కిందటి వారం తుడిచిన చోటే. అంతకు ముందు రెండుసార్లు తుడిచిన చోటే. ఇది నాలుగోసారి.

"ఏమండీ, ఇది మళ్ళీ ఇక్కడే వచ్చింది. లోపల ఎక్కడో కారుతున్నట్టుంది. ఒకసారి విప్పి చూడండి" అన్నాను. మూడుసార్లు ఇదే మాట చెప్పాను కాబట్టి నాలుగోసారి గొంతు దానంతటదే తగ్గింది.

"విప్పి చూడాలా?" టీ గ్లాసులోకి నవ్వాడు. "నిండా పోస్తే పొంగి కారుతుంది. దానికేదో పెద్ద రోగం వచ్చినట్టు మాట్లాడతావు. గుడ్డ పట్టుకున్నవాళ్ళందరూ ఇంజనీర్లయిపోతే ఇక మేమెందుకు? తుడిచెయ్, పదింటికి నర్సు ఎగరాలి."

తుడిచాను.

చిన్న విమానాలకి పోసే పెట్రోలులో నీలం రంగు కలుపుతారు. చూడగానే ఏ రకమో తెలియడానికి. పెట్రోలు గాలి తగలగానే ఎగిరిపోతుంది, రంగు మాత్రం మిగిలిపోతుంది. అందుకని విమానం మీద ఎక్కడ నీలం మరక ఉందో అక్కడికి పెట్రోలు వచ్చిందని అర్థం. ఎందుకొచ్చిందన్నది ఇంజనీరు చూసుకోవాలి. మా ఆయన ఇంజనీరు. నాలుగు విమానాలున్న ఆ ఫ్లయింగ్ స్కూల్లో ప్రతి విమానం పుస్తకంలోనూ 'అంతా బాగుంది' అని సంతకం పెట్టేది ఆయనే. నేను ఆయన భార్యని. నాకు అక్కడ ఇంకో పదవి లేదు. పదకొండేళ్ళుగా వారానికి ఐదు రోజులు ఆ రేకుల షెడ్డులో నాలుగు విమానాలు కడిగి, మరకలు తీసి, మైనం రాసి మెరిపించాను గానీ, వచ్చేపోయేవాళ్ళు సంతకం పెట్టే రిజిస్టరులో కూడా నా పేరు లేదు. "ఇంట్లో మనిషే కదా" అంటాడు ఓనరు. "ఇంట్లో ఖాళీగా కూర్చుని గోళ్ళు గిల్లుకునే బదులు" అంటుంది మా అత్తగారు. ఇంట్లో నేను ఖాళీగా ఎప్పుడు కూర్చున్నానో ఆవిడని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగడానికి ఖాళీ దొరకలేదు.

మరకల సంగతి నాకు పుట్టింట్లోనే తెలుసు. మా నాన్నకి డ్రై క్లీనింగ్ షాపుండేది. సిరా మరక, తుప్పు మరక, నెత్తురు మరక, టీ మరక, ఒక్కోదానికి ఒక్కో మందు. పదేళ్ళ వయసులో నేను కౌంటరు వెనక స్టూలెక్కి నిలబడి, వచ్చిన బట్ట వాసన చూసి అదేం మరకో చెప్పేదాన్ని. మా ఆయన మొదటిసారి మా షాపుకొచ్చింది గ్రీజు కొట్టుకుపోయిన తెల్ల చొక్కా పట్టుకునే. మూడో రోజు తీసుకెళ్ళడానికొచ్చి, చొక్కా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తీసిందెవరండీ?" అని అడిగాడు. నాన్న నన్ను చూపించాడు. ఆ చూపులో నేను ఏదేదో చదువుకున్నాను. ఇరవై రెండేళ్ళ పిల్లని, చదువుకోనా? ఆయన చూసింది నన్ను కాదు, చొక్కానని తెలియడానికి పెళ్ళయ్యాక ఆరు నెలలు పట్టింది.

నీలం మరకని ఎప్పుడూ రుద్దకూడదు. రుద్దితే రంగు చుట్టూ పాకి పెద్దదవుతుంది, కింద పెయింటు గీసుకుపోతుంది. పాత నూలు గుడ్డ మెత్తగా మడిచి, మందుతో కొద్దిగా తడిపి, మరక మీద అద్ది, ఊపిరి నాలుగుసార్లు పీల్చేదాకా ఆగి తీసేయాలి. మడత మార్చి మళ్ళీ అద్దాలి. మరక గుడ్డలోకి దిగిపోతుంది. తర్వాత సబ్బు నీళ్ళు, తర్వాత ఆరబెట్టడం, ఆఖరుకి మైనం. రెక్క తలకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఇదంతా చేతులు పైకెత్తి చేయాలి. మందు చెయ్యి మీదుగా మోచేతిలోకి, అక్కణ్ణుంచి చంకలోకి కారుతుంది. మొదట్లో చురుక్కుమనేది. తర్వాత చర్మం మొద్దుబారి పగుళ్ళు తేలింది. ఎంత సబ్బు పెట్టి కడిగినా వాసన పోదు. కంచం పెడుతుంటే అత్తగారు ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, "పెట్రోలు బంకులో భోంచేస్తున్నట్టుందమ్మా" అనేది. పడకగదిలో నా చెయ్యి ఆయన భుజానికి తగిలితే, "చేతులు సరిగ్గా కడుక్కున్నావా?" అని అటు తిరిగేవాడు. ఆయన విమానం మెరవడానికే నా చేతులు అలా అయ్యాయన్న సంగతి ఆయన వీపుకి ఎలా చెప్పాలి?

మూడేళ్ళ కిందట చుట్టుపక్కల విమానాల ఓనర్లందరూ మా స్కూలుకొచ్చారు. పాత విమానాలు కొత్తవాటిలా ఎలా మెరుస్తున్నాయో చూపించాలట. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికి తెల్ల గ్లవుజులు తొడుక్కుని, నేను తడిపిచ్చిన గుడ్డ మరక మీద అద్ది చూపించాడు. "నేను కనిపెట్టిన పద్ధతి ఇది. తొందరపడకూడదు, నాలుగు ఊపిర్లు ఆగాలి" అన్నాడు. నాలుగు ఊపిర్లు. నా ఊపిర్లు. నేను పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీసేటప్పుడు ఓనరు "అమ్మా, కొంచెం పక్కకి" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది. అందులో ఎడమ పక్కన ఒక మోచెయ్యి ఉంటుంది, అది నాది.

నర్సు ఒక్కతే నా పనిని పట్టించుకుంది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. ఆసుపత్రిలో పన్నెండేళ్ళు డ్యూటీ చేసి కూడబెట్టుకుని విమానం నేర్చుకోవడానికొచ్చింది. స్కూల్లో అందరూ ఆమెని నర్సు అనే పిలిచేవాళ్ళు, అందులో కాస్త ఎగతాళి ఉండేది. ఒకరోజు నా వెనకాలే నిలబడి అంతా చూసి, "అక్కా, గాయం మీద దూది పెట్టినట్టు పెడుతున్నావే" అంది. నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్ళలో నా పని చూసి ఏదైనా పోలిక చెప్పిన మొదటి మనిషి ఆమె. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా నా చేతులకి ఏదో లేపనం తెచ్చేది. తనే రాసేది. ఆమెకి నా చేతుల్లో ఏ వాసనా రాలేదు, లేదా వచ్చినా చెప్పలేదు.

ఆ రోజు, నేను నాలుగోసారి మరక తుడిచిన రోజు, పదింటికి ఆమె వచ్చింది. నిచ్చెన వేసుకుని రెక్క మీదికెక్కి, ట్యాంకు మూత తీసి, కొలత పుల్ల ముంచి చూసింది. రెండు వైపులా చూసింది. నేను కింద గుడ్డలు పిండుతూ చూశాను. పుల్ల పై గీత దాకా తడిసింది. దిగి, చేతులు దులుపుకుని, "అక్కా, వచ్చాక టీ తాగుదాం" అంది. ఒక్కతే ఎక్కి వెళ్ళిపోయింది. మరక సంగతి ఆమెతో చెప్పాలా అని ఒక్క క్షణం నాలుక మీదికొచ్చింది. మా ఆయన షెడ్డు తలుపు దగ్గరే ఉన్నాడు. మింగేశాను.

నలభై నిమిషాలకి స్కూలుకి ఫోనొచ్చింది. ఇంజను ఆగిపోయింది. దున్నిన పొలంలో దింపింది. ముందు చక్రం విరిగి విమానం ముక్కు నేలకి ఆనింది. నర్సు ప్రాణాలతోనే ఉంది. ఓనరు, మా ఆయన వెంటనే వెళ్ళారు. పొలం దగ్గర్నుంచి మా ఆయన నాకు ఫోన్ చేశాడు. "నీ సామాను తీసుకుని వ్యాన్‌లో వచ్చెయ్. గుడ్డలు ఎక్కువ తే" అన్నాడు. ప్రమాదం జరిగిన చోటికి గుడ్డలెందుకని నేను అడగలేదు. పిలిస్తే వెళ్ళడం, చెప్తే తేవడం, ఒంటికి అలా అలవాటయింది.

పొలంలో దిగి చూశాను. కుడి రెక్క కింద, మూల నుంచి వెనక అంచు దాకా, రెండు జానల వెడల్పున నీలం. అక్కడితో ఆగకుండా విమానం పక్క మీదుగా తోక వైపు పాకిపోయింది. గాల్లో కారింది కాబట్టి గాలి దాన్ని వెనక్కి పూసింది. ఆ విమానంలో రెండు రెక్కల ట్యాంకులకీ కింద ఒకటే గొట్టం, ఒక వైపు కారితే రెండూ ఖాళీ అవుతాయి. అవి ఖాళీ అయ్యాయి. ఇంజనీరు అక్కర్లేదు, ఆ మరక చూస్తే డ్రై క్లీనింగ్ షాపు పిల్లకైనా తెలిసిపోతుంది.

"విమానయాన శాఖ ఆఫీసువాళ్ళు రేపు ఫోటోలు తీస్తారు. బురదంతా తుడువు. ముందు అది" అన్నాడు మా ఆయన. 'అది' ఏమిటో పేరు పెట్టలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా, "మన బతుకు దీని మీదుంది. తుడువు" అన్నాడు. ఓనరు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. పది గజాల దూరంలో, గట్టు మీద, నర్సు ఎడమ భుజం పట్టుకుని కూర్చుంది. మొహం పాలిపోయింది. అంబులెన్సు ఇంకా రాలేదు. నా వైపే చూస్తూ, "అక్కా, పుల్ల పెట్టి చూశాను. గీత దాకా ఉంది. నువ్వు కూడా అక్కడే ఉన్నావు కదక్కా" అంది.

గుడ్డ మడిచి, మందుతో తడిపి, అద్దాను. నాలుగు ఊపిర్లు. మడత మార్చాను. అంబులెన్సు వచ్చేదాకా ఆమె చూస్తూనే ఉంది. ఆమె ఎదురుగానే మొదలుపెట్టి, గంటన్నరలో ఆ రెక్కని పాలలా చేశాను. నా జీవితంలో అంత బాగా తీసిన మరక ఇంకోటి లేదు.

మర్నాడొచ్చిన కుర్ర ఆఫీసరు ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. మూడు వారాలకి కాగితం వచ్చింది. పెట్రోలు సరిచూసుకోకుండా ఎగిరినందువల్ల జరిగిందని, ఆమెకి ఇక లైసెన్సు ఇవ్వకూడదని. మా ఆయన ఆ కాగితం భోజనాల బల్ల దగ్గర చదివి వినిపించాడు. "ఆడవాళ్ళకి గ్యాసు కట్టేశారో లేదో గుర్తుండదు, ట్యాంకులో ఎంతుందో ఏం గుర్తుంటుందే అమ్మా?" అన్నాడు వాళ్ళమ్మతో. అత్తగారు పొలమారేంతగా నవ్వింది. నేను నీళ్ళ గ్లాసు అందించాను. అందిస్తూ నా మొహం తాకి చూసుకున్నాను. పెదాలు సాగి ఉన్నాయి. నేనూ నవ్వుతున్నాను! వాళ్ళు నవ్వితే నవ్వడం అలవాటయిపోయి, నాకు తెలియకుండానే నవ్వుతున్నాను. ఆ నవ్వు నా మొహం మీద నాకే అసహ్యంగా తగిలింది. వంటగదిలోకెళ్ళి గిన్నెలు తోమాను. తోముతూ, ఈ మనిషిని ఏం చేస్తే నాకు చల్లారుతుందా అని మొదటిసారి తీరిగ్గా ఆలోచించాను. వండిపెట్టడం మానేస్తే ఇంకెవరో వండుతారు. వెళ్ళిపోతే, పోయిందిలే అంటాడు. ఆయనకి నొప్పి పుట్టే చోటు ఒళ్ళు కాదు, నేను కాదు. ఆ సంతకం. 'అంతా బాగుంది' కింద పెట్టే ఆ వంకర సంతకం.

నర్సు ఊరుకోలేదు. ఒంటి చేత్తో అప్పీలు రాసింది. విమానాన్ని ఇంకోసారి చూడాలని, పెద్ద ఆఫీసరే రావాలని పట్టుబట్టింది. గురువారం వస్తున్నామని కబురొచ్చింది.

అప్పటికి విమానం మా షెడ్డులోనే ఉంది. కొత్త చక్రం వేశారు. ఒక ఆదివారం మా ఆయన ఒక్కడే వెళ్ళి ఏదో చేసొచ్చాడు. సోమవారం నేను చూస్తే రెక్క మూల దగ్గర రెండరచేతులంత మేర తెల్ల రంగు కొత్తగా వేసి ఉంది. నేనెంత తీసినా రివెట్ల సందుల్లోకి, పెయింటు పగుళ్ళలోకి దిగిన నీలం కొంచెం మిగిలిపోయింది, అది తీయాలంటే ఇంకో రెండు రోజుల పని. అంత ఓపిక లేక పైన రంగు పూసేశాడు. చూసి లోపల నవ్వుకున్నాను. అక్కడ నేను మైనం రాసి ఉన్నాను. మైనం మీద వేసిన రంగు నిలవదు. ఆ ముక్క ఇంజనీరుకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"అద్దంలా ఉండాలి. వచ్చినవాడు తన మొహం చూసుకోవాలి అందులో" అన్నాడు బుధవారం పొద్దున.

"అలాగే" అన్నాను.

సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళాక షెడ్డులో నేనూ, విమానమూ మిగిలాం. మొదట అంతా కడిగాను. ముక్కు నుంచి తోక దాకా, తలుపు సందులు, చక్రాల కమ్మీలు, ఏదీ వదల్లేదు. మైనం రెండు పూతలు రాసి మెత్తటి బట్టతో మెరుగు పెట్టాను. విమానం ఒంటి మీద షెడ్డు రేకులు అద్దంలోలా కనిపించాయి. ఆఖరున ఆ మూలకొచ్చాను. గుడ్డ మడిచి, మందుతో తడిపి, కొత్త తెలుపు మీద అద్దాను. నాలుగు ఊపిర్లు పట్టలేదు, రెండోదానికే రంగు ముడతలు పడింది. మూడోదానికి ఊడి గుడ్డకి అంటుకొచ్చింది. కాచిన పాల మీద మీగడ తీసినట్టు తీశాను. కింద నీలం. రివెట్ల చుట్టూ ఉంగరాల్లా, పగుళ్ళ వెంట నరాల్లా. ఆ నీలాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాని చుట్టూ అంచు నీటుగా శుభ్రం చేశాను. నర్సుకి న్యాయం చేయడానికే ఇదంతా చేశానని మీతో అంటే అబద్ధం. ఆ సమయంలో నా కళ్ళ ముందు నర్సు లేదు. తెల్ల గ్లవుజులున్నాయి. అటు తిరిగిన వీపుంది. చేతులు నొప్పిగా లేవు. చాలా ఏళ్ళ తర్వాత పని చేస్తూ కూనిరాగం తీశాను.

గురువారం మా ఆయన షెడ్డులోకి రాకుండానే, ఆఫీసరుని తీసుకురావడానికి నేరుగా గేటు దగ్గరికెళ్ళి, ఆయనతోనే లోపలికొచ్చాడు. ఆఫీసరు పెద్దాయన. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. విమానం అంతా తెల్లగా, కడిగిన గాజులా ఉంది కాబట్టి కళ్ళు ఇంకెక్కడికీ పోవడానికి లేదు. నేరుగా ఆ మూలకే పోయాయి.

"ఇక్కడ రంగెవరు తీశారు?" అన్నాడు.

మా ఆయన మొహంలో నెత్తురు లేదు. అయినా నాలుక ముందు తేరుకుంది. "మా ఆవిడండీ. తుడవమంటే తెలియక గట్టిగా రుద్దేసినట్టుంది. ఆడవాళ్ళ చేతి పని కదండీ" అని నవ్వబోయాడు.

"రుద్దలేదండీ" అన్నాను నేను. "నీలం మరకని రుద్దకూడదు. మరక తీయాలంటే ముందు దాని మీద పూసిన రంగు తీయాలి కదండీ, అది తీశాను. మరక అలాగే ఉంది. మీరు చూశాక తీయమంటే తీస్తాను."

పెద్దాయన నన్ను చూశాడు. మా ఆయన్ని చూశాడు. "పైన రేకు విప్పండి" అన్నాడు.

మా ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. రేకు ఊడాక టార్చి వేసి చూశారు. లోపలంతా ఏళ్ళ నాటి దుమ్ము, జిడ్డు. మధ్యలో ఒకే ఒక్క గొట్టం ముక్క, దాని రెండు బిగింపులూ కొత్తగా తళతళలాడుతున్నాయి. విమానం పుస్తకం తెప్పించారు. గొట్టం మార్చినట్టు ఒక్క అక్షరం లేదు. పుస్తకం పేజీలు తిప్పుతుంటే వరసగా ఒకటే మాట, ఒకటే సంతకం.

తర్వాత నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి అడిగారు. పొలంలో జరిగింది చెప్పాను. కుర్చీలో కూర్చుని, గోడ మీదున్న నా మోచేతిని చూస్తూ చెప్పాను. పెద్దాయన రాసుకుంటూ మధ్యలో ఆగి, "మీ ఆయన మిమ్మల్ని బలవంతపెట్టారా అమ్మా?" అన్నాడు. మంచి మనిషి, తలుపు తీసి పెడుతున్నాడు. ఊఁ అంటే నేను పాపం ఏమీ తెలియని ఇల్లాలిని అయిపోతాను. "లేదండీ. ఆయన చెప్పారు, నేను తుడిచాను. అదేం మరకో నాకు తెలుసు" అన్నాను. "ఇది మీ మీదికి కూడా వస్తుంది" అన్నాడు. రానివ్వండి అన్నాను.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. అంతకు ముందు నాలుగుసార్లు తుడిచిన సంగతి, నాలుగుసార్లూ ఆయనకి చెప్పిన సంగతి. ఎందుకు మింగానో ఆ రోజు నాకే అర్థం కాలేదు. పదకొండేళ్ళు ఒక మనిషికి వడ్డించిన చెయ్యి, ఆఖరి గరిటె దగ్గర ఆగినట్టు ఆగింది. ఆ సందులోంచే మా ఆయన దూరాడు. "గొట్టం ఆ రోజే, గాల్లో ఉండగానే తెగిందండీ. ముందు ఎవరికీ తెలియదు. కంగారులో దాచాను, అదొక్కటే నా తప్పు" అని రాసిచ్చాడు. కంగారుపడ్డ మనిషికి చిన్న శిక్ష. తెలిసి ఎగరనిచ్చిన మనిషికి ఇంకెప్పుడూ సంతకం ఉండదు. తొమ్మిది రోజుల తర్వాత ముగ్గురు పెద్దల ముందు విచారణ అన్నారు.

ఆ తొమ్మిది రోజులూ నేను మహారాణిని. మొదటి రోజు పొద్దున లేచేసరికి మంచం పక్కన టీ ఉంది. చక్కెర ఎక్కువైంది, నేనెంత వేసుకుంటానో ఆయనకి తెలియదు. "మనం" అనే మాట వాడటం మొదలుపెట్టాడు. మన ఇల్లు, మన పరువు, మన భవిష్యత్తు. "నువ్వు కంగారులో ఏదో అనేశానని చెప్పు చాలు. పొలంలో బురద తుడిచాను, నీలమో నలుపో గమనించలేదని చెప్పు. ఆడవాళ్ళని ఎవరూ గట్టిగా అడగరు" అని నచ్చజెప్పేవాడు. నేను "ఊఁ" అనేదాన్ని. మన భాషలో అంత మంచి మాట ఇంకోటి లేదు. అది ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు, వింటున్నానని మాత్రమే. ఆయన దాన్ని తనకి కావలసినట్టు తీసుకున్నాడు. అత్తగారు కూరలు తరిగింది, నా కంచం తనే ఎత్తింది, "నీ చేతులు చూస్తే నా కడుపు తరుక్కుపోతుందమ్మాయ్" అంది. పెట్రోలు బంకు వాసన ఎటు పోయిందో! నేను కాళ్ళు చాపుకుని కూర్చుని అన్నీ అందుకున్నాను. ఒక్కో కప్పు టీ చివరి గుక్కదాకా తాగాను. ఆయన కళ్ళలో ఆశ రోజురోజుకీ ఎదగడం, మొక్కకి నీళ్ళు పోసి చూసుకున్నట్టు చూసుకున్నాను. ఇంత చెడ్డదాన్నా నేను అని ఒకటి రెండుసార్లు అనిపించింది. అనిపించినప్పుడు ఇంకో కప్పు పెట్టమన్నాను.

ఆరో రోజు నర్సు ఇంటికెళ్ళాను. తలుపు సగం తీసి, చెయ్యి ద్వారబంధానికి ఆనించి నిలబడింది. భుజానికి కట్టు తీసేశారు గానీ చెయ్యి పైకి లేవడం లేదు.

"చదివాను, నువ్వు చెప్పింది" అంది. "కానీ నా కళ్ళ ముందే తుడిచావక్కా. నేను పిలుస్తూనే ఉన్నాను."

"అవును."

"క్షమించమని వచ్చావా?"

"లేదు. నీకు మొహం చూపించాలి కదా అని వచ్చాను."

లోపలికి రమ్మనలేదు. తర్వాత, "ఆ మరక ఆ రోజే మొదటిసారి కనబడిందా?" అంది. జవాబు ఆమె నా మొహంలోనే చదివేసింది. పన్నెండేళ్ళు రోగుల మొహాలు చదివిన మనిషి. తలుపు మెల్లగా వేస్తూ, "నాకు చెప్పకు. నాకు చెప్తే నీ బరువు దిగుతుంది, అంతే. చెప్పాల్సిన చోట చెప్పు" అంది.

ఆ మాటకి ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. ఇంటికి నడుస్తుంటే అడుగు తేలిగ్గా పడింది. పొద్దున్నే టీ వస్తుంది. ఇంకా మూడు టీలు.

విచారణ రోజు పొద్దున మా ఆయన నా బట్టలు తనే ఇస్త్రీ చేశాడు. మడత ఒక దగ్గర వంకరగా వచ్చింది, మళ్ళీ చేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. దారంతా నేను చెప్పాల్సిన మాటలు వల్లించాడు, నేను ఊఁ కొట్టాను. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, ముగ్గురు పెద్దవాళ్ళు. ఇటు మా ఆయనా, ఓనరూ. అటు నర్సు ఒక్కతే. నాకోసం మా ఆయన తన పక్క కుర్చీ వెనక్కి లాగి పెట్టాడు. నేను ఆ కుర్చీ దాటి, గదికి అడ్డంగా నడిచి, నర్సు పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను చూడలేదు. కుర్చీ మీదున్న తన సంచీ తీసి కింద పెట్టుకుంది, అంతే. ఎదురుగా మా ఆయన నా కళ్ళలోకి చూస్తూ తల మెల్లగా ఆడించాడు. ఎక్కడ కూర్చున్నా మాట మాత్రం మర్చిపోకు అన్నట్టు. అప్పటికీ నమ్ముతూనే ఉన్నాడు.

మధ్యలో కూర్చున్న పెద్దావిడ నా వాంగ్మూలం కాగితం ముందుకి తోసి, "మీరు ఆ రోజు చెప్పినదాంట్లో ఏమైనా మార్చుకోవాలా?" అని అడిగింది.

"మార్చుకోవడానికి రాలేదండీ" అన్నాను. "ఆ రోజు సగమే చెప్పాను. ఇంకో కాగితం తీసుకోండి."